నెత్తిమీది దీపం

ఇల్లు కట్టేటప్పుడు దీపం ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారో మీరెప్పుడైనా గమనించారా? ఇంటి యజమాని కాదు. ఇల్లాలు అసలే కాదు. పంకా కొక్కెం గది నడిమధ్యన వేలాడుతుంది. అది మేస్త్రీ ధర్మం. ట్యూబులైటు గోడమీద చెయ్యి అందనంత ఎత్తున ఉంటుంది. అది కరెంటు పనివాడి ధర్మం. ఎందుకయ్యా అక్కడ అని అడిగితే "అన్ని ఇళ్లలోనూ అక్కడేనండీ" అంటాడు. ఆ దీపం కింద గదంతా కనబడుతుంది. వచ్చిన చుట్టం మొహం కనబడుతుంది, క్యాలెండరు కనబడుతుంది, మూలనున్న బూజు సైతం కనబడుతుంది. కనబడనిదల్లా ఒక్కటే. ఆ గదిలో కూర్చుని పనిచేసే మనిషి చేతిలోని పని.

ఈ సంగతి మా ఇంట్లో తేలింది మా అక్కయ్య మూలంగా.

అక్కయ్యకు యాభైతొమ్మిదో ఏడు. బావగారు పోయిన తరువాత రాజమండ్రిలో మా దగ్గరే ఉంటున్నది. ఉంటున్నదంటే చేతులు ముడుచుకుని కాదు సుమండీ. ముందుగదిలో మగ్గం వేసుకుని పెళ్లి జాకెట్లకు జరీపని చేస్తుంది. చిన్నతనంలో నరసాపురంలో ఉండగా లేసు అల్లిక నేర్చుకుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు మధ్యాహ్నాలు అరుగులమీద చేరి లేసు అల్లడం తరాలనాటి అలవాటు. ఆ చెయ్యే తరువాత మగ్గం పనికి తిరిగింది.

మగ్గం పని చూడనివారికి రెండు మాటలు మనవి చేస్తాను. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను డోలు చర్మంలాగా బిగదీస్తారు. కొక్కెం మొన ఉన్న సూదిని కుడిచేత్తో పైనుంచి గుచ్చితే, ఎడమచెయ్యి గుడ్డ అడుగున దాగి దారాన్ని అందిస్తుంది. కొక్కెం ఆ దారాన్ని పట్టుకుని పైకి వస్తుంది. అంటే రెండు చేతులకీ తీరిక లేదు. కింది చెయ్యి కంటికి కనబడదు. పై చెయ్యి చేసేది ఆవగింజంత కుట్టు. ఇంక ఆధారమల్లా చూపే.

శ్రావణమాసం ముహూర్తాలకు ఆర్డర్లు మీదపడేది ఆషాఢంలో. ఆకాశం మబ్బు పట్టేదీ అప్పుడే. పగలు కిటికీ వెలుతురు చాలదు. రాత్రి దీపం వెలుతురు సరేసరి. పోయిన ఆషాఢంలో అక్కయ్య ఒక జాకెట్టు చేతికి ఎర్రదారం కుట్టబోయి సగం దూరం మెరూను కుట్టింది. తెల్లవారి కిటికీ దగ్గర చూసుకుని, రాత్రంతా చేసిన పనిని మధ్యాహ్నందాకా కూర్చుని విప్పింది. వారం తిరగకుండా నల్ల వెల్వెట్టు మీద పని ఒకటి వస్తే "నా వల్ల కాదమ్మా, ఇంకొకరిని చూసుకోండి" అని పంపేసింది. ఆ అమ్మాయి మెట్లు దిగేదాకా చూసి లోపలికి వచ్చి, సూదులన్నీ డబ్బాలో సర్దేసింది.

"ఒరే తమ్ముడూ, నా కళ్ల పని అయిపోయిందిరా" అంది.

చుట్టాలందరూ సంతోషించినంత పని చేశారు. "హాయిగా రామా కృష్ణా అనుకుంటూ కూర్చోక, ఈ వయసులో నీకెందుకే ఈ కష్టం" అని పిన్ని. "తమ్ముడు పెట్టలేడా ఏమిటి" అని ఇంకొకరు. మా ఆవిడ ఒక్కతే నోరెత్తలేదు. తరువాత నాతో అన్నది: "వదినగారు ఆ డబ్బాకు మూతపెట్టినప్పుడు చూశారా? బావగారు పోయిననాడు కూడా ఆ మొహం చూడలేదు నేను." అక్కయ్య నెలనెలా సంపాదించేది ఏపాటి అన్నది ప్రశ్న కాదు. మా రెండోవాడి కాలేజీ ఫీజులో తనవంతు తాను కడుతుంది. పండక్కి మాకు బట్టలు పెడుతుంది. ఒకరిని అడిగి తీసుకునే మనిషి కాదు.

కంటిడాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన తీరికగా పరీక్ష చేశాడు. శుక్లం ఇప్పుడిప్పుడే మొదలు, ఆపరేషను అవసరం ఇంకా రాలేదు, అద్దాలు కాస్త మారిస్తే చాలునన్నాడు. అన్నాక, మేము లేవబోతుంటే, ఒక ప్రశ్న వేశాడు.

"ఏ దీపం కింద పని చేస్తారమ్మా మీరు?"

పదేళ్లుగా పనిచేస్తున్న మనిషిని ఆ మాట అడిగినవాడు అంతవరకు లేడు. తరువాత ఆయన చెప్పినది ప్రతి ఇంటివాళ్లూ తెలుసుకోదగినది. వయసు మీరినకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ల కంటి లోపలి పొరకు చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల కంటికి చేరేదానిలో ఇంచుమించు మూడోవంతేనట. ఆ పసుపు కటకం మూలంగా నీలిరంగు మసకబారి, ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలియకుండా పోతుంది. అంటే మన పిల్లవాడికి బ్రహ్మాండంగా ఉన్న వెలుతురు మన అమ్మకు చీకటితో సమానం. "ఇంకా ఎంత వెలుగు కావాలి నీకు?" అని పెద్దవాళ్లను కసురుకునే వాళ్లు ఈ మూడోవంతు లెక్క జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఆ రాత్రి నేను అక్కయ్య పీటమీద, అక్కయ్య లాగే వంగి కూర్చున్నాను. ట్యూబులైటు నా వీపు వెనక గోడమీద ఉంది. గుడ్డమీద నా తలకాయ నీడ నల్లగా, గుండ్రంగా, సరిగ్గా సూది దిగవలసినచోట కూర్చుని ఉంది! మీరూ చూడండి. మీ ఇంట్లో కూరలు తరిగే చోట, పిల్లలు చదువుకునే చోట, కుట్టుమిషను దగ్గర ఒక తెల్లకాగితం పరిచి, రోజూ కూర్చునేవాళ్లు కూర్చునే తీరులో కూర్చుని చూడండి. పది ఇళ్లలో ఎనిమిదింట ఆ కాగితం మీద ఒక తలకాయ ఉంటుందని నా పందెం.

పెద్ద బల్బు వేస్తే పోదా అన్నాడు మావాడు. పోదు. దీపం అక్కడే ఉండి పెద్దదయితే, చుట్టూ వెలుగు పెరుగుతుంది. నీడ నీడగానే ఉండి ఇంకా నల్లగా కనిపిస్తుంది. పోనీ బజార్లో దొరికే స్టడీ ల్యాంపు? స్ప్రింగులతో ఎటు వంచితే అటు నిలిచే ఆ దీపానికి మంచి వంశమే ఉంది. జార్జ్ కార్వర్డిన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మోటారుకార్ల స్ప్రింగుల పనిలో తలపండినవాడు. 1932లో ఆ ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. దాని మునిమనవళ్లే ఈనాటి చవక దీపాలు, కాకపోతే స్ప్రింగులలో పస తగ్గి ఆరునెలలకే మెడ వాల్చేస్తాయి. అదలా ఉంచండి. మగ్గం పక్కన బల్ల లేదు. చట్రానికే బిగిద్దామంటే కుట్టుకుట్టుకూ చట్రం అదురుతుంది, దానితో దీపమూ అదురుతుంది. ఇక మిగిలింది నెత్తిమీద వేలాడే దీపం. అదీ కదిలే దీపం కావాలి. ఎందుకంటే ఆ ముందుగది పగలు అక్కయ్య కార్ఖానా, సాయంత్రం చుట్టాల సావిడి, రాత్రి పిల్లల పడకగది. గది మధ్యలో ఎప్పుడూ దీపం వేలాడితే ఎవరిదో ఒకరి నుదురు పగులుతుంది.

గిలకా తాడూ బరువూ పెట్టి దీపాన్ని దించుకునే పద్ధతి పాతదే. కరెంటు వచ్చిన కొత్తలో ఐరోపాలో భోజనబల్లల మీద ఇటువంటివే ఉండేవి. పింగాణీ గుండులో సీసపు గుళ్లు నింపి దీపానికి ఎదురుబరువుగా వేలాడదీసేవారు. అంత దూరం పోనక్కరలేదు, మన ఏతాము తెలియనిదెవరికి? దూలానికి ఒకవైపు బాన, రెండోవైపు బరువు. సూత్రం ఒకటే.

మాది అద్దె ఇల్లు. శ్లాబుకు తూట్లు పెడితే ఇంటివారు ఊరుకోరు. గోడకు రెండు మూడు మరమేకులంటే అభ్యంతరం లేదన్నారు. అందుకని నేనూ వడ్రంగీ కూర్చుని గోడనుంచి వచ్చే చెయ్యి ఒకటి ఆలోచించాం. రెండడుగుల నిలువు పలక గోడకు బిగించాలి. దానికి తలుపు బందుతో నాలుగడుగుల సన్నని టేకుబద్ద, ఏడడుగుల ఎత్తున, గేటు రెక్కలాగా ఎడమకూ కుడికీ తిరగాలి. బద్ద కొసన ఒక గిలక, గోడ దగ్గర ఇంకో గిలక. తాడు ఒక కొసన దీపం, రెండో కొసన గోడ పక్కగా బరువు.

ఒంటి బందుతో బద్ద కొస వాలిపోతుంది గనుక పలక పైభాగాన్నుంచి కొసకు ఒక ఇనుపతీగ బిగించాలి. ఇక్కడ వడ్రంగి ఒక మాట అన్నాడు, విలువైన మాట. "తీగ కొక్కెం బందు కడ్డీకి సరిగ్గా నిలువునా పైన ఉండాలి బాబుగారూ. అంగుళం పక్కకు జరిగితే ఒకవైపు తిప్పినప్పుడు తీగ బిగుస్తుంది, రెండోవైపు సడలుతుంది." తాపీమేస్త్రీ గుండుతాడు తెచ్చి, నిలువు చూసి మరీ బిగించాడు. నిలువు తప్పితే ఇంకో తంటా కూడా ఉంది: బద్ద ఎక్కడ పెడితే అక్కడ ఉండక, వాలున్న వైపుకు దానంతటదే తిరిగిపోతుంది, చెదిరిన తలుపులాగా.

దీపానికి గొడుగు కోసం పన్నెండు అంగుళాల అల్యూమినియం బేసిను ఒకటి కొన్నాం. దాని అడుగున హోల్డరుకు ఒక తూటు, చుట్టూ గాలికి చిన్న తూట్లు. ఎల్.ఇ.డి. బల్బు చల్లని దీపమని చాలామంది నమ్మకం. వెలుగులో వేడి లేకపోవచ్చుగానీ, మెడ దగ్గర లోపలున్న సర్క్యూటు వేడెక్కుతుంది. గాలాడని గొడుగులో బిగిస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. లోపల తెల్లరంగు వేశాం. బేసిను లోతుగా ఉండటం ఎందుకంటే, కూర్చున్న మనిషి కంటికి బల్బు నేరుగా కనబడకూడదు. ఒక్కమాట ఒప్పుకోవాలి: ఈ ఉపాయం మా నాన్నగారి రోజుల్లో సాగేది కాదు. పాతకాలపు బల్బు తిన్న కరెంటులో తొంభై పాళ్లకు పైగా వేడికే ఖర్చు. దాన్ని మనిషి తలదగ్గరకు దించితే, గోదావరి జిల్లా ఎండాకాలంలో, జరీపని మాట దేవుడెరుగు.

ఇక ఈ శ్రమకంతా ఫలం ఎక్కడుందో చెబుతాను. దీపం ఎత్తు సగమైతే కిందపడే వెలుగు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. కప్పునుంచి మగ్గం గుడ్డకు ఆరున్నర అడుగులు. అదే దీపాన్ని గుడ్డకు రెండడుగుల ఎత్తుకు దించితే సుమారు పది రెట్లు! బల్బు మారలేదు, కరెంటు బిల్లు మారలేదు. తొమ్మిది వాట్లు అవే తొమ్మిది వాట్లు. పైగా దీపం ఇప్పుడు వీపు వెనక లేదు. తలకు ముందుగా, కాస్త ఎడమకు ఉంది. కుడిచేతివాటం మనిషికి చేతినీడ కుడివైపుకు పోయి పనిమీద పడదు.

పూర్వం ఐరోపాలో లేసు అల్లే ఆడవాళ్లు ఒక్క కొవ్వొత్తి చుట్టూ చేరి, నీళ్లు నింపిన గాజుబుడ్లు ఎదురుగా పెట్టుకుని, ఆ నీళ్లగుండా కూడిన వెలుగుచుక్కను తమతమ పనిమీద పడేటట్టు చేసుకునేవారట. కొవ్వొత్తి పెంచుకునే స్తోమతు లేనివాళ్లు వెలుగును చోటుకు చేర్చుకున్నారు. మనకు స్విచ్చి నొక్కితే వెలుగు, అందుకే చోటు సంగతి మరిచాం.

బరువు దగ్గరకు వద్దాం. బేసిను, హోల్డరు, బల్బు అన్నీ కలిపి పచారీకొట్టు త్రాసులో 640 గ్రాములు తూగాయి. సరిగ్గా అంత బరువున్న వస్తువు ఎక్కడ తెస్తాం? మా అమ్మ ప్రయాణాలలో వాడిన చిన్న ఇత్తడి మరచెంబు అటకమీద ఉంది. పిడి ఉంది, మూతకు మర ఉంది; ఒలకదు. గోదావరి ఇసుక ఆరబెట్టి, చెంచాతో పోస్తూ, మూతపెడుతూ, ఊపి చూస్తూ కూర్చున్నాం ఒక ఆదివారం పూటంతా. ఇసుక తక్కువైతే దీపం నెమ్మదిగా కిందికి దిగుతుంది, మంచి నిద్రలోకి జారినట్టు. ఎక్కువైతే పైకి పోతుంది. పిల్లలకు ఇంతకంటె తమాషా ఏ సినిమాలోనూ దొరకలేదు. చివరకు ఒక చెంచా అటూ ఇటూ అయినా దీపం కదలకుండా నిలిచే తావు దొరికింది. అందుకు కారణం గిలకలోని రాపిడి. గిలక మరీ నున్నగా తిరగకపోవడమే ఇక్కడ మేలు. నూనె వెయ్యబోయిన మావాడిని ఆపవలసి వచ్చింది.

కరెంటు సంగతిలో మాత్రం తమాషా పనికిరాదు. దీపం బరువు తాడు మొయ్యాలిగానీ కరెంటు తీగ మొయ్యకూడదు. తీగ విడిగా, పాత టెలిఫోను రిసీవరు తీగలాగా చుట్టలు చుట్టలుగా ఉంటే, సాగినప్పుడు సాగి, ముడిచినప్పుడు ముడుస్తుంది. గొడుగు లోహంది, మనిషి రోజుకు ఇరవైసార్లు చేత్తో పట్టుకుంటాడు. కనుక మూడు తీగలున్న వైరు వాడి, మూడోదాన్ని, అంటే ఎర్తును, బేసినుకు మరమేకుతో బిగించాలి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కరెంటు కోసేసే ఆర్.సి.సి.బి. ఉందో లేదో చూసుకోవాలి. ఈ పనికి లైసెన్సున్న కరెంటు పనివాడినే పిలిచాం. చేతిపనిమీద ఎంత సరదా ఉన్నవాడైనా 230 వోల్టులతో సరదా పడరాదు. తాడుకు రెండు ముళ్లు వేసి, మరచెంబు కిందుగా గోడకు ఒక చిన్న అర కొట్టించాం. ఎప్పుడైనా తాడు తెగితే చెంబు అరమీద పడుతుంది, పిల్లవాడి మీద కాదు.

దీపం వెలిగింది. అక్కయ్య వచ్చి కూర్చుంది. మేమందరం చుట్టూ నిలబడి ఉన్నాం, పెళ్లిచూపుల్లాగా. గుడ్డమీద నీడ లేదు. కానీ అక్కయ్య మొహంలో అనుకున్నంత వెలుగూ లేదు.

"బాగుందిరా. అయితే ఈ ఎరుపు ఎరుపులా లేదు" అంది.

నిజమే. కొట్లో అడిగితే ఎక్కువగా చేతికిచ్చే బల్బు తెల్లని తెలుపు, పెట్టెమీద 6500 అని ఉంటుంది. దాని వెలుగు నీలం పాలు ఎక్కువ. అదికాక సాధారణమైన ఎల్.ఇ.డి. వెలుగులో ముదురు ఎరుపు పాలు తక్కువ. అందుచేత ఎరుపూ మెరూనూ అన్నదమ్ముల్లా కనబడతాయి. ఆషాఢంలో రాత్రంతా కుట్టి విప్పిన ఆ జాకెట్టు చెయ్యి కథలో సగం నేరం కంటిది కాదు, బల్బుది! రంగులను ఉన్నవున్నట్టు చూపే గుణానికి సి.ఆర్.ఐ. అని ఒక అంకె ఉంది, నూటికి లెక్క. మామూలు బల్బుకు ఎనభై. తొంభై దాటినవి దొరుకుతాయి, వెల కాస్త ఎక్కువ, అడిగితేగాని కొట్టువాడు తీయడు. 4000 రంగుది, తొంభై దాటినది తెప్పించి వేశాం. అక్కయ్య ఎర్రదారం కండె, మెరూను కండె పక్కపక్కన పెట్టి చూసింది. తరువాత ముదురు నీలం, నలుపు. ఒక్కొక్కదాన్నీ చేతిలో తిప్పి, దేని డబ్బాలో దాన్ని పెట్టింది. కొత్త బల్బు నాలుగు చెంచాల ఇసుకంత బరువెక్కువ. మళ్లీ మూత తీశాం.

దీపాన్ని కదిలించగలగడం అనేది పిల్లల పడకలకోసం అనుకున్నాం గదా, దాని అసలు ఉపయోగం అక్కయ్య కనిపెట్టింది. కుందన్లు అంటించేటప్పుడు దీపం నేరుగా పైన ఉంటే రాయి రాయికీ బల్బు బొమ్మ మెరిసి కళ్లలో గుచ్చుతుంది. బద్దను ఓ జానెడు పక్కకు తిప్పితే ఆ మెరుపు ఇంకోవైపు పోతుంది. నల్లగుడ్డమీద నల్లదారమైతే దీపాన్ని బాగా పక్కకు జరిపి కిందికి దించాలట. అప్పుడు వెలుగు ఏటవాలుగా పడి, కుట్టు కుట్టుకూ వెంట్రుకవాసి నీడ లేచి, నలుపులో నలుపు కనబడుతుంది. నీడ పోగొట్టడానికి ఇంత చేస్తే, కావలసినచోట నీడను ఆవిడే పుట్టించుకుంది. ఏ ఇంజనీరింగు పుస్తకమూ చదవని మనిషి, రోజూ చూసే చూపుతో పట్టిన కిటుకు ఇది.

ఖర్చు అడుగుతారు గనుక చెబుతున్నాను. టేకుబద్ద, పలక, వడ్రంగి కూలి కలిపి వెయ్యిన్నర. గిలకలు, తాడు, బేసిను, వైరు, బల్బు, కరెంటు పనివాడి కూలి పదిహేడువందలు. ఇసుకకూ చెంబుకూ వెల లేదు.

వెల్వెట్టు పని తెచ్చిన అమ్మాయికి అక్కయ్యే ఫోను చేసింది. ఆవిడ అప్పటికే వేరేచోట ఇచ్చేసింది. పోనీలెమ్మని, చెల్లెలి పెళ్లికి రెండు జాకెట్లు తెచ్చిపడేసింది. ఒకటి నల్లది.

అక్కయ్యకు లెక్కల పుస్తకం ఒకటి ఉంది. దారం, పూసలు, జరీ అన్నీ తేదీలవారీ రాస్తుంది. మొన్న మా ఆవిడ చూపించింది. ఖర్చుల పక్క "దీపం — 3200. తమ్ముడికి బాకీ" అని ఉంది. నెలకు నాలుగువందల చొప్పున నా చొక్కా జేబులో పెడుతున్నది. వద్దంటే వినదు. ఇంకా మూడు నెలలు ఉంది.